అన్నీ వచ్చేసిన పిల్ల

హలో… ఆ, నేనేనే, మీ నాన్నని. ఈ ఫోన్లో ఇంకెవరు పలుకుతారు?

వినపడుతోంది… వినపడుతోందే! నువ్వలా అరిస్తే బస్సులో జనానికి మనింటి సంగతులన్నీ తెలిసిపోతాయి.

దిగిపోయారా అందరూ?… ఊ. ఆఖరి స్టాపులో ఖాళీ బస్సు పెట్టుకుని, డ్రైవరు సీట్లో కూర్చుని మాట్లాడుతున్నావన్నమాట. మళ్ళీ ఎప్పుడు తియ్యాలి బండి?… ఇరవై ఐదు నిమిషాలా. చాలు, చాలు. రెండు ముక్కల్లో తేలిపోయే మాటకి అంత టైమెందుకు.

ఆ, అయిపోయింది మీటింగు. ఇప్పుడే బయటికొచ్చా. బడి వరండాలో కూర్చున్నా. ఒకటో క్లాసు పిల్లల బెంచీ ఇది… మోకాళ్ళు వచ్చి గడ్డానికి తగులుతున్నాయి. ఎవరైనా చూస్తే మడతపెట్టిన గొడుగు అనుకుంటారు నన్ను.

బాగా జరిగింది.

బాగా అంటే… బాగానే. చాలా బాగా. కొంచెం ఎక్కువ బాగా జరిగిందనుకో.

—అబ్బ! మళ్ళీ అదే ప్రశ్న. 'నాన్నా, టీ తాగావా' అని ఒక్క మాట లేదు.

సరే… సరే, చెప్తాను. నువ్వడిగేది ఆ గంట గురించే కదా. నా ముద్దుల మనవరాలు గుండీని ఒక్కదాన్నీ కూర్చోబెట్టుకుని ఆ టీచరమ్మ రోజూ పదకొండు నుంచి పన్నెండు దాకా చెప్పే గంట. అది సోమవారం నుంచి ఉంటుందా, పీకేస్తారా అని. తెలుసమ్మా నాకు. నిన్నటినుంచి నలభైసార్లు చెప్పావు. దర్జీవాణ్ణి, చొక్కా కొలతలైతే ఒక్కసారి చెప్తే సరిపోయేది నాకు.

పిల్ల ఇప్పుడు ఆ గంటలోనే ఉంది. ఈ పక్క గదే. తలుపు వేసుంది… నేను తియ్యను, నాకు తెలీదా ఆ మాత్రం?

ముందు మంచి కబురు చెప్పనా?

రెండో కబురు ఉందని నేనన్నానా ఇప్పుడు?… మంచి కబురు విను. మన గుండీకి అన్నీ వచ్చేశాయి.

నేనంటున్నది కాదే. కాగితం మీద ఉంది. దాని పేరు మీద పద్నాలుగు గడులు. లెక్కపెట్టడం, బట్టలు తొడుక్కోవడం, ఎడమా కుడీ, చప్పుళ్ళకి భయపడకపోవడం… పద్నాలుగింటిలోనూ 'సాధించింది' అని రాశారు. పెద్ద మేడమ్ గారు లేచి నాతో చెయ్యి కూడా కలిపారు. ఈ బళ్ళో పిల్లకో ప్లాను అని మొదలుపెట్టిన దగ్గర్నుంచీ పద్నాలుగుకి పద్నాలుగు ఎవరికీ రాలేదట. మామూలు పిల్లలకి పెట్టినా రావేమోనన్నారు.

హలో?…

హలో? ఉన్నావా?

ఊ… అందుకని… అన్నీ వచ్చినవాళ్ళకి ఇంక విడిగా చెప్పడం దేనికని… సోమవారం నుంచి పెద్ద క్లాసులో కూర్చోమన్నారు. నలభై ముగ్గురున్నారట అందులో. నలభై నాలుగోది మనది.

అరవకు. తల్లీ, అరవకు… ఆ హారన్ మీద చెయ్యి తియ్యి ముందు!

ఎవరు చెప్పారంటే… ఎవరు చెప్తారు? లోపల మన తరపున ఉన్నదెవరు?

నేనే.

చదవకపోవడమేమిటి, మెట్లెక్కుతూ మూడుసార్లు చదివాను నీ చీటీ. ఇదిగో, చొక్కా జేబులోనే ఉంది, చదవనా? 'నాన్నా, కోతలు కొయ్యకు. దానికి ఏం వచ్చో చెప్పకు, ఏం రాదో అది చెప్పు. దాని అన్నిటికంటే చెడ్డ రోజు ఎలా ఉంటుందో అది చెప్పు. బాగున్న రోజు సంగతి ఎత్తకు.' కింద రెండు గీతలు కూడా గీశావు. ముచ్చటైన రాత. మీ అమ్మ రాతే వచ్చింది నీకు.

మాట మార్చడం లేదు. వస్తున్నా, వస్తున్నా అక్కడికే.

చిన్న గది. గుండ్రటి బల్ల. చుట్టూ ఇలాంటి కుర్చీలే, అందరం చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాం. పెద్ద మేడమ్, మన గంట టీచరమ్మ, పై ఆఫీసు నుంచి వచ్చే ఆ నిపుణుడు. ఆయనకి నేను కలంబాబు అని పేరు పెట్టా. కూర్చున్న దగ్గర్నుంచీ రాయడమే. నేను తుమ్మితే తలెత్తి చూసి అదీ రాసుకున్నాడు. నవ్వనేది మచ్చుక్కూడా లేదు ఆ ముఖంలో. గుండీకి ప్లాను వేస్తున్నారు గానీ, ముందు ఆయనకి వేయాలి ఒకటి. రోజుకో గంట, నవ్వడం ఎలాగో.

చెప్తున్నా కదా! ఆయన కాగితం తీసి పోయినసారి నువ్వు చెప్పినవి పైకి చదవడం మొదలుపెట్టాడు. 'ఒకటి. పది వస్తువులు లెక్కపెట్టగలదా? లేదు.' గుండీ నా పక్కన కూర్చుని కాళ్ళు ఊపుతోంది. 'లేదు' అనగానే ఊపడం ఆపేసింది. 'రెండు. తన గుండీలు తానే పెట్టుకోగలదా? లేదు.' గౌను మెడపట్టీ ముక్కు మీదికి లాక్కుంది. 'మూడు. లేదు.' కళ్ళ మీదికి లాక్కుంది. నాలుగో 'లేదు'కి మనిషే కనపడలేదు నాకు. కుర్చీలో ఒక గౌను, గౌను మీద రెండు జడలు. అంతే.

అర్థం కాదంటావేమిటి? అర్థం కాదని ఏ గడిలో ఉంది?

ఇంకా పది 'లేదు'లు ఉన్నాయే ఆ కాగితంలో. పది! నువ్వయితే ఏం చేసేదానివో నాకు తెలీదు. నేను మాత్రం, 'ఆగండి బాబూ, మొదట్నుంచి రండి. పదేమిటండీ, మా పిల్ల వంద లెక్కపెడుతుంది' అన్నా.

గౌనులోంచి ఒక కన్ను బయటికొచ్చింది.

ఇప్పుడు నువ్వే చెప్పు. ఒక కన్ను వచ్చాక రెండోది రావద్దా? రావాలంటే ఇంకోటి చెప్పాలి కదా? 'గుండీలంటారా, తనవే కాదు, నా షాపు ముందు నిలబెట్టిన బొమ్మకి కూడా తనే పెడుతుంది' అన్నా. రెండో కన్ను వచ్చింది. 'కళ్ళు మూసుకుని సూదిలో దారం ఎక్కిస్తుంది' అన్నా. ముక్కు. 'చప్పుళ్ళకి చెవులు మూసుకుంటుందట కదా' అన్నాడాయన. 'ఎవరు, మా గుండీయా? ఉరుము ఉరిమిందంటే ఇది కిటికీలోంచి ఒక్క చూపు చూస్తుంది, ఉరుము మా వీధి వదిలి వెనక వీధిలోంచి పోతుంది' అన్నా.

రాశాడు.

అవునే, రాశాడు! 'ఉరుములకు భయపడదు. సాధించింది' అని.

నమ్ముతాడని నేననుకున్నానా? కోతకి ఒక మర్యాద ఉంటుంది. చెప్పేవాడు చెప్పాలి, వినేవాడు 'చాల్లే పెద్దాయనా' అనాలి. అక్కడ ఆగుతుంది అది. ఈయన ఆ మాట అనడే! కలం ఎత్తి, నా వంక చూసి, 'ఇంకా?' అన్నాడు. ఈ డెబ్భై మూడేళ్ళలో నన్ను 'ఇంకా' అని అడిగిన మగాడు లేడు. మీ అమ్మ కూడా అడగలేదు. నేనేం చెయ్యను?

టీచరమ్మ బల్ల కింద నా కాలు తొక్కింది. రెండుసార్లు. నేను క్షమించమని కాలు వెనక్కి తీసుకున్నా.

నవ్వులాట కాదు, తెలుసు. అయ్యేటప్పుడు నవ్వులాటలాగే ఉంది మరి.

లేదే, అలా అనకు… నాకు ప్రేమ లేదంటావా…

ఏమన్నావు?

నా కొలతల పుస్తకంలో ఎప్పుడైనా అబద్ధం రాశానా?

లేదు. ఎప్పుడూ లేదు. పొట్ట ఉన్నవాడికి పొట్ట ఉన్నంతే రాశా. ఒక భుజం కిందికి ఉన్నవాడికి కిందికే రాశా. వాడి మనసు నొచ్చుకుంటుందని అంగుళం తగ్గించి రాస్తే చొక్కా పడుతుందా…

ఊ.

ఊ… వింటున్నా.

అర్థమైందే. చెప్పక్కర్లేదు ఇంక. నలభై నాలుగో కుర్చీ మీద దానికి పట్టని చొక్కా తొడిగి కూర్చోబెట్టొచ్చా. నలభై ఏళ్ళు టేపు పట్టినవాణ్ణి నేనే.

ఒక్క మాట అడుగుతా, చెప్పు. నువ్వు ఎలా చెప్పేదానివే అవన్నీ? పోయినసారి, అంతకుముందు… పిల్ల పక్కన ఉండగా…

బయట కూర్చోబెట్టేదానివా? బొమ్మల గదిలో?

ఓ.

అలా కూడా చెయ్యొచ్చా? మరి చీటీలో రాయలేదే ఆ సంగతి?… రాయక్కర్లేని సంగతా. నీకు రాయక్కర్లేదు. నాకు రాయాలే! నేను దాన్ని శుభ్రంగా తల దువ్వి, కొత్త గౌను వేసి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి పక్కనే కూర్చోబెట్టుకున్నా. దాని గురించే కదా మీటింగు అని.

నువ్వొక్కదానివే లోపలికెళ్ళి చెప్పేదానివా. పద్నాలుగూ.

తర్వాత?… బస్సు డిపోలోనా? ఖాళీ బస్సులో ఏడ్చేదానివా… ఎంతసేపు?

అందుకా ఆ రోజుల్లో డ్యూటీ లేటయిందని చెప్పేదానివి. నేను నమ్మాను చూడు. నాకంటే బాగా కోస్తావు నువ్వు.

ఏడవకు. ఏయ్… ఏడవకు, బండి నడపాలి నువ్వు. ఇంకా ఎంతుంది?… పద్దెనిమిది నిమిషాలు. బోలెడు. చెప్పు, ఇప్పుడేం చెయ్యాలో చెప్పు. చేస్తా. కలంబాబు ఇంకా లోపలే ఉన్నాడు. పన్నెండింటికి వెళ్తాడట. కాగితాలు ఆయన సంచిలో పడితే మళ్ళీ ఆర్నెల్లకే బయటికొచ్చేది.

సవరణ కాగితమా? ఎవరిస్తారు?… క్లర్కమ్మాయా. ఉండు.

అమ్మాయ్… ఇదిగో, పాపా… మీటింగులో చెప్పినది మార్చుకోవాలంటే ఏదో కాగితం ఉంటుందట… ఆ. ఒకటి చాలు… రెండు ఇచ్చేయ్, నా రాత పెద్దది. కలం కూడా… నువ్వు దేవతవమ్మా.

తెచ్చానే. మళ్ళీ కూర్చున్నా. కళ్ళజోడు… ఉంది, నెత్తి మీద ఉంది. చదువుతున్నా. 'ముందు ఇచ్చిన సమాచారం.' 'సరైన సమాచారం.' మూడోది… 'సవరణకు కారణం.' కారణం ఏం రాయను? పొరపాటు అని రాస్తా.

పొరపాటు పద్నాలుగుసార్లు జరగదంటావా. జ్ఞాపకశక్తి తగ్గింది అని రాస్తే?

అమ్మో, నిజమే. అప్పుడు నాక్కూడా ప్లాను వేస్తారు.

ఏం రాయాలంటే అది చెప్పు మరి… 'అబద్ధం చెప్పాను' అనా? చూడవే, కోత వేరు, అబద్ధం వేరు. వినేవాడికి తెలిసేలా చెప్పేది కోత. తెలియకుండా చెప్పేది అబద్ధం. అంత తేడా ఉంది రెండిటికీ…

ఆయనకి తెలియలేదు కదా అంటావా.

ఊ.

అయితే అబద్ధమే. రాస్తున్నా. 'కారణం: తాత అబద్ధం చెప్పాడు.' అక్షరాలు కొంచెం వంకరపోయాయి. పర్లేదు, విషయం కూడా వంకరే కదా.

నువ్వు చెబుతూ ఉండు, నేను రాస్తా. నెమ్మదిగా. నాకు రాత చాలా ఆలస్యంగా వచ్చింది, తెలుసు కదా నీకు…

చెప్పలేదా ఎప్పుడూ? మా బళ్ళో అరవై మందికి ఒక మేష్టారు, ఒక బెత్తం. అదే ప్లాను. ఆయన బెత్తం ఎత్తితే పక్కూరి బళ్ళో పిల్లలు ఎక్కాలు అప్పజెప్పేవాళ్ళు… సరే, పక్కూరు కాదు, పక్క గది. నాకు అక్షరాలు నిలబడేవి కాదు. 'వీడికి ఏదీ రాదు' అని నన్ను మూడేళ్ళు తలుపు వెనకాల కూర్చోబెట్టారు. తనిఖీకి ఎవరైనా వస్తే నీళ్ళు తెమ్మని పంపేసేవారు. కుండ నిండినా నేను తిరిగి వెళ్ళేవాణ్ణి కాదు. అక్కడ తలుపు వెనకాల కూర్చున్నవాడికి అన్నీ బాగా వినిపిస్తాయే.

అదే. అందుకే గౌను సంగతి నాకు తెలుసు.

సరే, రాయిద్దువు పద. ఒకటి. లెక్క. 'ముందు చెప్పినది, వంద. సరైనది…' ఆరు.

ఏడు కాదు, ఆరే. నీకు తెలీదులే. ఆరు అని నాకు గట్టిగా తెలుసు ఇవాళ… ఎలా అంటే, తర్వాత చెప్తా. రెండు. గుండీలు. 'పెట్టుకోలేదు.' పైది పెట్టుకుంటుందే, కింద నాలుగే రావు… సరే. 'పెట్టుకోలేదు.' మూడు. దారం. సూది ఇస్తే పొడుచుకుంటుంది, రాశా. నాలుగు. చప్పుడు. 'కుక్కరు కూతకి మంచం కిందికి దూరుతుంది'… దూరితే రెండు గంటలు రాదు, అవును, అదీ రాశా. ఐదు…

దాని చెడ్డ రోజు. అది నువ్వు చెప్పు. నేను రాస్తా.

ఊ… ఊ. 'తల గోడకి'… ఆగు… 'కొట్టుకుంటుంది.' ఎంతసేపు?… రాశా.

నువ్వు ఇది కంఠతా చెప్తున్నావేమే? చూడకుండా?

ఊ. చెప్పు.

తొమ్మిది అయింది. పది. పదకొండు. పన్నెండు, ఎడమా కుడీ… నాకే సరిగా రాదు అది, అయినా రాశా. పదమూడు.

పద్నాలుగు… 'ఎవరూ అడగకుండా తనంతట తాను మాట్లాడుతుందా.'

ఇది వద్దులే.

ఇది అలాగే ఉండనీ అంటున్నా. 'సాధించింది' అనే ఉండనీ.

కోత కాదు! ఇది నేను చెప్పలేదు అసలు. ఇది… ఇది నీకు ఆఖర్న చెప్దామనుకున్నా. నా పరువు పోయిన సంగతిలే.

పదమూడూ రాశాక కలంబాబు మొదట్నుంచి పైకి చదివాడు. అప్పటికి పిల్ల గౌనులోంచి పూర్తిగా బయటికొచ్చేసింది. చక్కగా వింటోంది. 'ఒకటి. వంద వరకు లెక్కపెట్టగలదు' అని చదివాడు. అప్పుడు నా మోచెయ్యి పట్టుకుని లాగింది. అందరికీ వినపడేలా అంది.

'తాతా, వంద కాదు. ఆరు.'

అవునే. మన గుండీయే. ఇంకెవరుంటారు నాకు మనవరాళ్ళు?

ఎవరూ అడగలేదు. ఎవరూ ఆ అని గానీ ఊ అని గానీ అందివ్వలేదు. తనే అంది. నాలుగు మాటలు, వరసన. ముగ్గురు పెద్దవాళ్ళ ముందు, సొంత తాతని పట్టుకుని. టీచరమ్మ రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది. నాకు కోతల్లో ఇంతవరకూ అడ్డం వచ్చినవాడు లేడు. తొమ్మిదేళ్ళ పిల్ల వచ్చింది.

నిజమే చెప్తున్నా… నమ్మకపోతే పెద్ద మేడమ్‌కి ఫోన్ చేసి అడుగు. నేను చెప్తే నమ్మవని నాకు తెలుసు. నమ్మకపోవడమే న్యాయం కూడా.

నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా?… రెండూనా. కానీ, కానీ.

ఆయనా? ఆయన ఏం చేశాడో తెలిస్తే నువ్వు బస్సు ఇక్కడికే తోలుకొస్తావు. పద్నాలుగో గడిలో రాశాడు. 'తనంతట తాను మాట్లాడుతుంది, ఎదుటివారిని సరిదిద్దుతుంది. సాధించింది.' సరే, అది న్యాయమే. మరి వంద? వందని కొట్టెయ్యలేదే! 'బాబూ, అమ్మాయి ఆరంటోంది కదా' అని నేనే అన్నా. 'ఈ వరసలో కుటుంబ సభ్యుల మాటే రాయాలండీ' అన్నాడు. 'పిల్ల మాట ఏ వరసలో రాస్తారు?' అన్నా. ఆ కాగితంలో పిల్ల మాటకి వరస లేదట. పిల్ల పేరు మీద కాగితం, అంతవరకే.

ఊ… నీ భయం నాకు తెలుసు. ఒక్కటి 'సాధించింది' అని ఉన్నా, పిల్ల మెరుగుపడింది, గంట అక్కర్లేదు అంటారేమోనని. ఎవరో పిల్లకి అలా అయిందా?… రెండు మాటలకే? హవ్వ.

అయినా కొట్టను.

విను. పదమూడు అబద్ధాలు నావి. నావి కనక కొట్టేశా, చేత్తో రాసి, కింద అబద్ధాలకోరునని సంతకం పెట్టా. ఈ పద్నాలుగోది నాది కాదు. అది దాని మాట. దాన్ని కొట్టెయ్యడానికి నేనెవర్ని, నువ్వెవరివి?

తెలుసు… తెలుసు. పోతే గంట పోతుంది. పోయిందంటే నీకు ముఖం చూపించను.

చూపిస్తాలే, ఒకే ఇంట్లో ఉంటూ ఎక్కడికి పోతా.

ఎనిమిది నిమిషాలే ఉందా? నేను లోపలికెళ్తున్నా. ఫోన్ పెట్టెయ్యకు, జేబులో వేసుకుంటా. కిక్కురుమనకు.

…

బాబూ… ఒక్క నిమిషమండి. సంచి సర్దుతున్నారా… ఇది సవరణ కాగితం.

అవునండి, తాతనే. అవునండి, చేతిరాత నాదే. తాగి లేనండి.

పదమూడూ అబద్ధమేనండి… ఉరుము కూడానండి.

లేదండి. బొమ్మకి గుండీలు కూడా లేవండి అసలు.

ఎందుకంటే… పిల్ల గౌనులోకి వెళ్ళిపోయిందండి. బయటికి రప్పించడానికి. అంతకంటే కారణం లేదు.

నిజమేనండి, పొద్దున ఒకటి చెప్పినవాడు ఇప్పుడు ఇంకోటి చెబుతుంటే ఏది నమ్మాలి. నేను మీ కుర్చీలో ఉంటే రెండూ నమ్మను. నేను దర్జీనండి, బాబూ. కొలతలు ఫోన్లో చెబితే, పక్కింటాయన చెబితే, మేము కత్తెర పెట్టం. మనిషిని నిలబెట్టి మేమే చూసుకుంటాం. పిల్ల పక్క గదిలోనే ఉంది. మీరే చూడండి. నేను బయట ఉంటా. మాట్లాడను. చెయ్యి అడ్డం పెట్టుకుంటా, ఇలా.

బస్సుందా మీకు?… ఇంకో అరవై బళ్ళు ఉన్నాయా. అమ్మో.

మరి ఎప్పుడు వస్తారండి చూడ్డానికి?

ఊ… అప్పటిదాకా?

అదేంటండి, ఆ మాట మళ్ళీ చెప్పండి. 'సరిచూసే వరకు… పాత ఏర్పాటే… యథాతథం.' అంటే గంట…

ఉంటుంది. ఆ. ఉంటుందా!

పద్నాలుగోది, బాబూ, అది మాత్రం… ఆ, అది ఉంచండి. అది మీరే విన్నారు కదా.

ఇంకేదో రాస్తున్నారు… చదవండి, పర్లేదు. నా గురించే కదా, నేను గౌనులోకి వెళ్ళను.

…

హలో. విన్నావా?

విన్నావు కదా, మళ్ళీ నా నోటితో ఎందుకు… సరే చెప్తా. ఉంది. గంట ఉంది. సోమవారం కూడా ఉంది.

నేను నిజం చెప్పినందుకు కాదే! అది నిజమో కాదో తేల్చడానికి ఆయనకి తీరిక లేదు కనక గంట ఉంది. అరవై బళ్ళు తిరిగి మళ్ళీ మన బడికి రావాలంటే ఆర్నెల్లు. ఆ ఆర్నెల్లూ పాత ఏర్పాటే. ఆయన చేతికి ఒక్క అరగంట ఖాళీ దొరికితే మన గంట ఏమయ్యేదో! ఆయన పని ఇంకా పెరగాలని ఇవాళ నుంచి రోజూ దణ్ణం పెడతా.

నా గురించా? ఏదో రాశాడులే… 'ఈ పిల్ల తాతగారి మాటలు ఇకమీదట లెక్కలోకి తీసుకోరాదు' అని. దాని మీద ముద్ర కూడా వేశారు. ఏ బళ్ళోనైనా నాకంటూ విడిగా రాసిన మొదటి వాక్యం అదే. మా మేష్టారు ఉంటే చూపించేవాణ్ణి.

నవ్వాడా అంటే… లేదు. కానీ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, 'ఉరుము నిజంగానే వెనక వీధిలోంచి పోయిందనుకున్నానండీ' అన్నాడు. అది నవ్వో కాదో నేను చెప్పలేను. నా మాట లెక్కలోకి రాదు కదా ఇంక.

జనం ఎక్కుతున్నారా? ఎంతుంది?… రెండు నిమిషాలు.

ఏం చేస్తోందా? నాకెలా తెలుస్తుంది, తలుపు వేసుంటే… కిటికీ ఉంది. ఉండు, లేస్తున్నా. ఈ బెంచీలోంచి లేవడానికే సగం టైము… ఆ. కనిపిస్తోంది.

ఉన్నదున్నట్టే చెప్తా. సరేనా.

బల్ల మీద చెంప ఆనించి పడుకుంది మన పిల్ల. టీచరమ్మ కూడా అదే బల్ల మీద చెంప ఆనించి పడుకుంది, దీని వైపు తిరిగి. ఇద్దరి ముక్కులకీ మధ్య జానెడు ఉంటుంది.

లేదు, పుస్తకం లేదు. అక్షరాల అట్టలు పక్కకి నెట్టేసి ఉన్నాయి.

మాట్లాడుకోవడం లేదు. నేర్పడం కూడా లేదేమో, నాకలా ఏం కనిపించడం లేదు. ఊరికే చూసుకుంటున్నారు.

ఇప్పుడా? ఇప్పుడూ అంతే.

ఇంకా అంతే.

అంతేనమ్మా. ఇంకేం లేదు… కావాలంటే రెండు ముక్కలు కలిపి చెప్—

వద్దా? సరే, సరే. కలపను.

చాలునా అది నీకు?… చాలంటావా. అయితే పోనీ బండి. నేను ఇక్కడే నిలబడి ఉంటాలే, పన్నెండు అయ్యేదాకా.

హలో?

పెట్టేసింది.